నా పేరుతో వెళ్లిన మెయిళ్లు

సోమవారం పొద్దున కంప్యూటర్ తెరిచేసరికి ఇన్‌బాక్స్‌లో 412 కొత్త మెయిళ్లు. మామూలుగా తెల్లారేసరికి నాకొచ్చేవి పదో, పన్నెండో. కిందికి జరుపుకుంటూ పోతే అన్నీ ఒకే బాపతు. 'మెయిల్ డెలివరీ ఫెయిల్డ్', 'అన్‌డెలివరబుల్', 'డెలివరీ స్టేటస్ నోటిఫికేషన్'. మీరు రాసిన అడ్రస్‌లో ఎవరూ లేరని ఒకటి, ఆ మెయిల్‌బాక్స్ నిండిపోయిందని ఒకటి, మీ అటాచ్‌మెంట్‌ని మా సర్వర్ తీసుకోదని ఇంకొకటి. ఆదివారమంతా నేను ఒక్క మెయిల్ కూడా పంపలేదు. చూస్తూండగానే మరో మూడు వచ్చి పడ్డాయి.

ఏం జరుగుతోందో ఆలోచించేలోపే ఫోన్ మోగింది. నేను పుస్తకాలకి డీటీపీ, లేఅవుట్ చేస్తాను. చాలా ఏళ్లుగా నాకు పనిస్తున్న ఒక పబ్లిషర్ ఆఫీసులో అకౌంట్స్ చూసే కుర్రాడు.

"సార్, మీరు పంపిన బిల్లు ఓపెన్ కావట్లేదు. జిప్ ఫైల్‌కి మీరిచ్చిన పాస్‌వర్డ్ కొట్టాను, లోపల వర్డ్ ఫైల్ ఉంది. అది 'ఎనేబుల్ కంటెంట్' నొక్కమంటోంది. నొక్కనా?"

"నొక్కకు బాబూ. నీకు దండం పెడతా, దాన్ని మూసెయ్."

"మీరు పంపిందే కదా సార్?"

"నేను పంపలేదు."

"మీ పేరే ఉంది సార్. మీ మెయిల్ ఐడీయే. కింద మీ ఫోన్ నంబర్ కూడా ఉంది."

ఆ చివరి మాటకి నా దగ్గర జవాబు లేకపోయింది.

మధ్యాహ్నానికి అలాంటివే ఇంకో ఐదు ఫోన్లు. కొందరు నవ్వుతూ చెప్పారు, కొందరు విసుక్కున్నారు. ఒకాయన మాత్రం మా ఇద్దరికీ తెలిసిన ఇరవై మందికి కలిపి మెయిల్ కొట్టాడు. ఫలానా ఆయన కంప్యూటర్‌కి వైరస్ పట్టింది, ఆయన దగ్గర్నుంచి ఏం వచ్చినా తెరవకండి అని. ఆ ఇరవై మందిలో నన్నూ కలిపాడు, మర్యాద కోసం కాబోలు. నా పనంతా ఫైళ్లు తీసుకోవడం, ఫైళ్లు పంపడం. నా దగ్గర్నుంచి వచ్చింది తెరవొద్దంటే ఇక నాకు పనేముంటుంది?

కంగారులో మనిషి చేసే పనులన్నీ చేశాను. నెట్ వైరు పీకేశాను. యాంటీవైరస్‌తో ఫుల్ స్కాన్ పెట్టాను, మూడు గంటలు పట్టింది, ఏమీ దొరకలేదు. దాని మీద నమ్మకం చాలక ఇంకో స్కానర్‌ని పెన్‌డ్రైవ్‌లో తెచ్చి పెట్టాను, అదీ ఏమీ లేదంది. ఫోన్‌లోంచి మెయిల్ పాస్‌వర్డ్ మార్చాను. లాగిన్ హిస్టరీ చూస్తే అన్నీ నేను చేసినవే. సెంట్ ఫోల్డర్‌లో శుక్రవారం పంపిన కవర్ పేజీ తర్వాత ఏమీ లేదు. ఏమీ దొరక్కపోతే ధైర్యం రావాలి కదా, నాకు టెన్షన్ ఇంకా పెరిగింది. యాంటీవైరస్‌కి కూడా అందనిదేదో లోపల తిష్ట వేసిందని ఖాయం చేసుకున్నాను.

ఆ కంగారులోనే ఒక తెలివితక్కువ పని కూడా చేశాను. 'నా కంప్యూటర్‌కి వైరస్ సోకినట్టుంది, అందరూ క్షమించాలి' అని తెలిసినవాళ్లందరికీ మెయిల్ పెట్టాను. చేయని తప్పు నెత్తినేసుకోవడమంటే అదే. తర్వాత ఎంత వివరించినా "మొదట మీరే ఒప్పుకున్నారు కదండీ" అన్నవాళ్లున్నారు.

మా పిన్ని కొడుకు ఒక కంపెనీలో మెయిల్ సర్వర్లు చూసుకుంటాడు. రాత్రి వాడికి ఫోన్ చేశాను. నేను స్కాన్ల సంగతి ఏకరువు పెడుతుంటే మధ్యలో ఆపాడు.

"అన్నయ్యా, నీ కంప్యూటర్‌ని కాసేపు వదిలెయ్. తిరిగొచ్చినవాటిలో ఒకటి తియ్. దాని అడుగున అసలు మెయిల్ హెడర్లు ఉంటాయి. అవి కాపీ చేసి నాకు పంపు."

తిరిగొచ్చిన మెయిల్‌ని ముట్టుకోవాలంటేనే భయమేసింది. 2004 జనవరిలో మైడూమ్ అనే వైరస్ సరిగ్గా ఈ వేషంలోనే వచ్చింది. మీ మెయిల్ చేరలేదు, వివరాలకి అటాచ్‌మెంట్ చూడండి అనేది. చూస్తే అంతే. ఆ మాట చెబితే వాడు నవ్వాడు. అటాచ్‌మెంట్ జోలికి పోకు, 'వ్యూ సోర్స్' నొక్కితే ఉత్త అక్షరాలే కనిపిస్తాయి, అక్షరాలు కరవవు అన్నాడు.

నొక్కాను. అప్పటిదాకా ఇరవై ఏళ్లుగా మెయిల్ వాడుతున్నా హెడర్లెప్పుడూ చూడలేదు. 'రిసీవ్డ్' అని మొదలయ్యే వరసలు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టుంటాయి. మెయిల్ చేతులు మారినప్పుడల్లా అందుకున్న సర్వర్ తన ముద్ర పైన వేస్తుంది, కాబట్టి కింది నుంచి పైకి చదువుకోవాలి. అయితే బాగా అడుగున ఉన్నవాటిని నమ్మడానికి లేదు, వాటిని పంపినవాడే రాసి పెట్టి ఉండొచ్చు. నమ్మదగింది మనకి తెలిసిన సర్వర్ మెయిల్‌ని అందుకున్నప్పుడు తానుగా రాసుకున్న వరస. అందులో రెండు సంగతులుంటాయి. తలుపు తట్టినవాడు 'నేను ఫలానా' అని చెప్పుకున్న పేరు ఒకటి. దాని పక్కనే బ్రాకెట్లో, వాడు నిజంగా ఏ ఐపీ అడ్రస్ (నెట్‌లో ఒక కంప్యూటర్‌కి ఉండే అంకెల చిరునామా) నుంచి వచ్చాడో ఆ అంకెలు.

నా ముందున్న మెయిల్‌లో చెప్పుకున్న పేరు నా డొమైన్‌దే, అంటే నా మెయిల్ ఐడీలో @ తర్వాత వచ్చే పేరు. బ్రాకెట్లో అంకెలు మాత్రం నావి కావు, నా హోస్టింగ్ సర్వర్‌వీ కావు. ఇంకో తొమ్మిది మెయిళ్లు తీసి చూశాను. పదింటికీ పది వేర్వేరు అంకెలు. పైగా ఇది అవుట్‌లుక్ అనే మెయిల్ ప్రోగ్రాం నుంచి వచ్చిందని ఒక వరస చెబుతోంది. నేను వాడేది థండర్‌బర్డ్.

"ఇవన్నీ ఎవరివిరా?"

"ఎవరెవరివో. వాళ్ల కంప్యూటర్లకి వైరస్ పట్టిందని వాళ్లకే తెలీదు. ఎవడో దూరంగా కూర్చుని వాటి చేత నీ పేరు మీద మెయిళ్లు కొట్టిస్తున్నాడు."

"నా పేరు పెట్టడం ఎలా కుదిరింది?"

"రాసుకున్నాడు, కుదిరింది."

ఈ జవాబుకి నాకు నిజంగానే కోపం వచ్చింది. కానీ సంగతి అంతే. ఇప్పటికీ మెయిల్ నడుస్తున్న పద్ధతికి పునాది 1982లో జోనాథన్ పోస్టెల్ రాసిన ఆర్‌ఎఫ్‌సీ 821 అనే నియమాల పత్రం. అప్పుడా నెట్‌వర్క్‌లో ఉన్నవి కొన్ని వందల కంప్యూటర్లు, అవీ యూనివర్సిటీలవి, పరిశోధన సంస్థలవి, సైన్యానివి. ఒక సర్వర్ ఇంకో సర్వర్‌ని పిలిచి 'మెయిల్ ఫ్రమ్' అని ఒక అడ్రస్ చెబుతుంది, అవతలిది సరే అంటుంది. ఆ అడ్రస్ నీదేనా అని అడగడం ఆ సంభాషణలో లేదు. అంతా ఎరిగున్నవాళ్లే అయినచోట ఎవరడుగుతారు?

ఇంకో తిరకాసు ఏమిటంటే, 'ఫ్రమ్' ఒకటి కాదు, రెండు. కవరు మీద ఒకటి, లోపలి కాగితం మీద ఒకటి. మనకి తెర మీద కనిపించేది కాగితం మీదిది. మెయిల్ చేరకపోతే తిరిగి వెళ్లేది కవరు మీదిదానికి. ఈ రెండూ ఒకటే అయ్యుండాలన్న నియమం లేదు. నా విషయంలో రెండుచోట్లా నా అడ్రసే రాశారు. అందుకే చేరినవి నా పరువు తీశాయి, చేరనివి నా గుమ్మంలో పడ్డాయి.

నిజానికి ఆ 412లో చాలావరకు రావాల్సిన పనే లేదని వాడన్నాడు. ఆ అడ్రస్‌లో ఎవరూ లేరన్న సంగతి అవతలి సర్వర్ మాట్లాడుతున్నప్పుడే చెప్పి, మెయిల్ తీసుకోకుండా వద్దంటే ఆ గొడవ పంపుతున్నవాడితోనే తేలిపోతుంది. అలా కాకుండా ముందు తీసేసుకుని, తర్వాత తీరిగ్గా చూసుకుని, అప్పుడు కవరు మీద అడ్రస్‌కి 'చేరలేదు' అని రాసే సర్వర్ల వల్లే నాలాంటివాళ్లకి ఈ తలనొప్పి. మెయిల్ సర్వర్లు చూసేవాళ్లు దీన్ని బ్యాక్‌స్కాటర్ అంటారు. నేనేమో విసుగొచ్చి తిరుగు మెయిళ్లన్నీ నేరుగా చెత్తలోకి పోయేట్టు ఫిల్టర్ పెట్టబోయాను. వాడు వద్దన్నాడు. నువ్వు నిజంగా పంపిన ప్రూఫ్ ఎవరికైనా చేరకపోతే ఆ కబురూ చెత్తలోకే పోతుంది, వేరే ఫోల్డర్‌లో పడెయ్ చాలు అన్నాడు. ఆ సలహా తర్వాత ఇంకోరకంగా పనికొచ్చింది.

ఫోన్ పెట్టేశాక చాలాసేపు నిద్ర పట్టలేదు. వైరస్ గురించి కాదు, ఒక పాత సంగతి గుర్తొచ్చి.

2002లో నేనొక ఆఫీసులో పని చేసేవాణ్ణి. ఒకరోజు మా సీనియర్ పేరుతో నాకు మెయిల్ వచ్చింది, అటాచ్‌మెంట్‌తో. మా యాంటీవైరస్ పట్టుకుని, అది క్లెజ్ అనే వైరస్ అని చెప్పింది. నేను వెంటనే ఆయన టేబుల్ దగ్గరికెళ్లి, నలుగురూ వింటుండగా, "సార్, మీ సిస్టమ్ ముందు శుభ్రం చేయించుకోండి, అందరికీ వైరస్ పంపుతున్నారు" అన్నాను. ఆయన తలెత్తి "నా సిస్టమ్ వారం రోజులుగా రిపేర్‌లో ఉందయ్యా" అన్నాడు. టేబుల్ మీద కంప్యూటర్ లేదు. దుమ్ములో దాని అచ్చు మాత్రం చదరంగా ఉంది. అది కళ్లారా చూసి కూడా నేను నమ్మలేదు. ఇంట్లోంచి పంపి ఉంటారులే అనుకున్నాను.

నా బుర్రలో అప్పుడున్న లెక్క ఒకటే. వైరస్ ఎవరి పేరుతో వస్తే వాళ్ల కంప్యూటర్‌లోనే ఉంది. ఆ లెక్క ఎక్కడిదంటే, అంతకు ముందు వచ్చినవాటిది. 1999 మార్చిలో మెలిస్సా వచ్చింది. అది వర్డ్ ఫైల్‌లో కూర్చుని, తెరిచినవాడి అవుట్‌లుక్ అడ్రస్ పుస్తకంలో మొదటి 50 మందికి తన్ను తాను పంపుకునేది, వాడి పేరుతోనే. 2000 మే 4న ఐ లవ్ యూ వైరస్ కూడా అంతే. టెక్స్ట్ ఫైల్‌లా కనిపించే 'లవ్ లెటర్', విండోస్ దాచేసిన చివరి తోక మాత్రం వీబీఎస్, అంటే అది తెరిస్తే నడిచే ప్రోగ్రాం. అదీ తెరిచినవాడి సొంత ఖాతాలోంచే వెళ్లేది. ఆ రెంటికీ పేరు చూసి మనిషిని పట్టుకోవడం సరైన పద్ధతే. ఫోన్ చేసి మీకు వైరస్ ఉందండీ అంటే అది నిజంగానే ఉండేది.

2001 చివర్లో మొదలై 2002లో ముదిరిన క్లెజ్ ఆ లెక్కని తలకిందులు చేసింది. అది కంప్యూటర్‌లో దొరికిన అడ్రసులన్నీ ఏరుకుని, వాటిలోంచే ఒకదాన్ని 'టు'లో, ఇంకొకదాన్ని 'ఫ్రమ్'లో పెట్టేది. అంటే రామయ్య కంప్యూటర్‌కి వైరస్ పడితే సోమయ్య పేరుతో భీమయ్యకి మెయిల్ వెళ్తుంది. భీమయ్య వెళ్లి సోమయ్యని తిడతాడు. రామయ్య హాయిగా ఉంటాడు, వైరస్ కూడా హాయిగా ఉంటుంది. అసలు ఎత్తు అదే. తప్పుడు మనిషిని వెతుకుతున్నంతసేపు దాన్ని ఎవరూ కదిలించరు. 2003 ఆగస్టులో విజృంభించిన సోబిగ్ కూడా ఇదే దారి. ఇవి చాలవన్నట్టు ఆ రోజుల్లో యాంటీవైరస్ సర్వర్లు కూడా 'మీరు పంపిన మెయిల్‌లో వైరస్ ఉంది' అని ఫ్రమ్ అడ్రస్‌కి తమంతట తామే జవాబులు కొట్టేవి. ఏ వైరస్సో పేరుతో సహా పట్టుకోగలిగిన ప్రోగ్రాం, ఆ వైరస్ దొంగ పేరు పెడుతుందని తెలిసీ ఆ దొంగ పేరుకే నోటీసు పంపేది.

అంటే 2002 నాటికే చెల్లని లెక్కని పట్టుకుని 2020లో నా చుట్టూ ఉన్నవాళ్లు నన్ను తిడుతున్నారు. నేనూ అదే లెక్కతో నన్ను నేను తిట్టుకున్నాను. మా సీనియర్‌కి మాత్రం అప్పటిదాకా సారీ చెప్పలేదు.

సరే, వైరస్ నా దగ్గర లేదు. మరి నా పేరు, ఫోన్ నంబర్, నాకు తెలిసినవాళ్ల అడ్రసులు వాళ్లకెలా దొరికాయి? ఈ ప్రశ్న నన్ను వదల్లేదు. అప్పుడు పనికొచ్చింది పక్కన పడేసిన ఆ ఫోల్డర్. రోజంతా కూర్చుని చేరని అడ్రసుల జాబితా రాసుకున్నాను. ఎక్కువ నాకు తెలియనివే. నడుమ నడుమ తెలిసిన పేర్లు. వాటిలో ఒకటి చూడగానే చెయ్యి ఆగిపోయింది. అది తప్పు అడ్రస్. ఒక రచయిత పేరులో ఒక అక్షరం రెండుసార్లు పడింది.

ఆ తప్పు నాకు బాగా తెలుసు. నాలుగేళ్ల కిందట 38 మంది రచయితల వ్యాసాలతో ఒక సంకలనం వేశాం. ఎడిటర్ గారు అందరినీ సీసీలో పెట్టి మెయిల్ కొట్టారు, అందులో ఒకరి అడ్రస్ తప్పు టైప్ చేశారు. 'రిప్లై ఆల్' కొట్టిన ప్రతిసారీ అది తిరిగొచ్చేది. రెండు నెలల పాటు ఆ తప్పు అడ్రస్ నా ప్రాణం తీసింది. లోకంలో ఆ తప్పు ఉన్నది ఆ ఒక్క మెయిళ్ల వరసలోనే. అంటే ఆ 38 మందిలో ఎవరిదో మెయిల్‌బాక్స్ దొంగల చేతిలో పడింది. అకౌంట్స్ కుర్రాణ్ణి అడిగి అతనికొచ్చిన దొంగ మెయిల్ కింది భాగం ఫోన్‌లో చదివించుకున్నాను. '46వ పేజీలో ఫుట్‌నోట్ నంబర్ మారింది, సరిచేశాను' అని నేను అప్పట్లో రాసిన వాక్యం, దాని కింద నా పేరు, నా నంబర్. పాత మెయిల్‌కి జవాబులా కనిపించేట్టు తయారు చేశారన్నమాట. జిప్‌కి పాస్‌వర్డ్ పెట్టడం కూడా ఊరికే కాదు. తాళం వేసిన ఫైల్‌లోకి యాంటీవైరస్ తొంగిచూడలేదు, తాళంచెవి మాత్రం మెయిల్‌లోనే రాసి పంపుతారు.

38 మందికీ విడివిడిగా రాశాను. ఎవరినీ నిందించకుండా, ఈ మధ్య పాస్‌వర్డ్ ఉన్న జిప్ ఏదైనా తెరిచారా అని. మూడో రోజు ఒక పెద్దావిడ ఫోన్ చేశారు. రిటైరైన టీచర్.

"ఎడిటర్ గారి పేరుతో ఒకటి వచ్చింది నాయనా. తెరిస్తే ఖాళీ. పైన పసుప్పచ్చ పట్టీ మీద ఏదో నొక్కమంది, నొక్కాను. అయినా ఏమీ రాలేదు. పోనీలే అని మూసేశాను. అయితే ఇదంతా నా వల్లేనా?"

"మీ వల్ల ఎందుకవుతుంది మేడమ్. మీక్కూడా ఇంకొకరి పేరుతోనే కదా వచ్చింది."

ఎడిటర్ గారిని అడిగితే ఆయన పంపలేదు. ఆయన పేరు ఎవరి మెయిల్‌బాక్స్‌లోంచి పోయిందో వెతకడం అక్కడితో ఆపేశాను. అలా వెనక్కి పోతే అంతుండదు. మేడమ్ కంప్యూటర్‌ని వాళ్ల అబ్బాయి పూర్తిగా ఫార్మాట్ చేశాడు, పాస్‌వర్డ్‌లన్నీ వేరే కంప్యూటర్‌లోంచి మార్పించాం. అదే కంప్యూటర్‌లో మారిస్తే కొత్తవీ వాళ్లకే అప్పజెప్పినట్టవుతుంది. ఇప్పుడైతే ఆ పసుపు పట్టీ ఇంత సులువుగా దొరకదు. నెట్ నుంచి వచ్చిన ఫైళ్లలో మాక్రోలని, అంటే ఫైల్ లోపల దాగుండే చిన్న ప్రోగ్రాంలని, మైక్రోసాఫ్ట్ 2022లో మామూలుగానే నడవకుండా ఆపేసింది. మెలిస్సా వచ్చిన ఇరవై మూడేళ్లకి.

ఇక నా డొమైన్ సంగతి. దొంగ పేరు పెట్టేవాణ్ణి ఆపలేం కానీ, ఇది నాది కాదని అందుకునే సర్వర్‌కి తెలిసేలా చేయొచ్చని మా వాడు చెప్పాడు. దానికి మూడు పనులు. మొదటిది ఎస్‌పీఎఫ్. నా డొమైన్ తరఫున ఏ ఏ సర్వర్లు మెయిల్ పంపొచ్చో డీఎన్‌ఎస్‌లో, అంటే డొమైన్ల వివరాలు అందరూ చూసుకునే నెట్ చిట్టాలో, ఒక వరస రాసిపెట్టడం. రెండోది డీకిమ్. నా సర్వర్ ప్రతి మెయిల్‌కీ ఒక డిజిటల్ సంతకం పెడుతుంది, ఆ సంతకాన్ని సరిచూసుకునే తాళంచెవి మళ్లీ డీఎన్‌ఎస్‌లోనే అందరికీ కనిపించేలా ఉంటుంది. ఎస్‌పీఎఫ్ చూసేది కవరు మీది అడ్రస్‌ని. దొంగ కవరు మీద తన డొమైన్ రాసి, లోపల కాగితం మీద నాది రాస్తే ఎస్‌పీఎఫ్ దాటేస్తాడు. ఆ సందు మూసేది మూడోది, డీమార్క్. ఆ రెండు పరీక్షల్లో ఒక్కటైనా నెగ్గాలి, నెగ్గిన డొమైన్ కాగితం మీద కనిపించే డొమైన్‌తో కలవాలి. కలవకపోతే ఏం చేయాలో కూడా నేనే చెప్పొచ్చు. ఊరుకో, స్పామ్‌లో వెయ్యి, తిప్పికొట్టు.

చెప్పడానికి నాలుగు వాక్యాలే. చేయడానికి నాకు పదకొండు రోజులు పట్టింది, సగం నా తొందర వల్లే. ఎస్‌పీఎఫ్ వరస నేను కొత్తగా చేర్చాను. హోస్టింగ్ వాళ్లు పెట్టింది ఒకటి అప్పటికే అక్కడుందని చూసుకోలేదు. ఒక డొమైన్‌కి రెండు ఎస్‌పీఎఫ్ వరసలుంటే అది తప్పు కింద లెక్క, అసలు పరీక్షే జరగదు. ఇంటికి రెండు తాళాలు వేశానని మురిసిపోతుంటే తలుపు బార్లా తెరిచే ఉందన్నమాట. డీకిమ్ తాళంచెవి పొడుగు, డీఎన్‌ఎస్‌లో ఒక ముక్కలో 255 అక్షరాలకి మించి పట్టవు. కంట్రోల్ ప్యానెల్ ఆ పైన ఉన్నది చప్పుడు చేయకుండా కత్తిరించేసింది. సంతకం ఎందుకు సరిపోవట్లేదో తెలుసుకోవడానికి రెండు రోజులు.

మూడోది అన్నిటికన్నా పెద్ద పొరపాటు. డీమార్క్‌ని మొదట ఊరికే గమనించే స్థాయిలో పెట్టి, నెలరోజులు రిపోర్టులు చూసుకుని, అప్పుడు బిగించమని మా వాడు చెప్పాడు. నేనప్పటికే ఒళ్లు మండి ఉన్నాను. నేరుగా 'తిప్పికొట్టు' పెట్టేశాను. మర్నాటి నుంచి నా బిల్లులు ఎవరికీ చేరడం మానేశాయి. నేను బిల్లులు పంపేది ఒక ఆన్‌లైన్ సర్వీస్ ద్వారా, అది నా పేరుతో, తన సర్వర్ నుంచి పంపుతుంది. అంటే చట్టబద్ధంగా నేను పెట్టుకున్న 'దొంగ' అది. దాన్ని జాబితాలో చేర్చడం మరిచాను. వైరస్ పంపిన దొంగ బిల్లు అందరికీ చేరింది, నేను పంపిన అసలు బిల్లు తిరిగొచ్చింది.

ఇలా దెబ్బతిన్నది నేనొక్కణ్ణే కాదని తెలిసి కాస్త ఊరట కలిగింది. 2014 ఏప్రిల్‌లో యాహూ ఇదే పని చేసింది, తన పేరుతో వచ్చే దొంగ మెయిళ్లు భరించలేక. ఒక అడ్రస్‌కి రాస్తే గుంపులో అందరికీ చేరే మెయిళ్లన్నీ ఒక్కసారిగా చిక్కుల్లో పడ్డాయి. ఆ సర్వర్ మెయిల్‌ని తానే తిరిగి పంపుతుంది కాబట్టి ఎస్‌పీఎఫ్ కుదరదు. సబ్జెక్ట్ ముందు గుంపు పేరు, అడుగున రెండు వరసలు తగిలిస్తుంది కాబట్టి డీకిమ్ సంతకం చెడిపోతుంది. యాహూ మనిషి రాసిన మెయిల్ గుంపులో మిగతావాళ్ల దగ్గర తిరగ్గొట్టబడేది, అలా తిరిగొచ్చినవి ఎక్కువయ్యేసరికి ఏ పాపమూ తెలియనివాళ్ల పేర్లు జాబితాలోంచి ఎగిరిపోయేవి. చివరికి గుంపు సర్వర్లే దిగొచ్చి, ఫ్రమ్‌లో తమ అడ్రస్ పెట్టి, రాసినవాడి పేరు పక్కన 'వయా' అని తగిలించడం మొదలుపెట్టాయి. దొంగల్ని ఆపడానికి నిజాయితీగా పనిచేసే సర్వర్ కూడా పేరు మార్చుకోవాల్సి వచ్చింది. 2024 ఫిబ్రవరి నుంచి జీమెయిల్ ఖాతాలకి రోజుకి 5000కి పైగా మెయిళ్లు పంపేవాళ్లకి గూగుల్ ఈ మూడూ తప్పనిసరి చేసింది. నాలాగా నాలుగు మెయిళ్లు పంపుకునేవాళ్లకి ఎస్‌పీఎఫ్, డీకిమ్‌లలో ఒకటుంటే చాలు, మిగతావి ఇష్టమైతే పెట్టుకోవచ్చు. నా అనుభవంలో మూడూ పెట్టుకోవడమే మంచిది, కాకపోతే మెల్లగా.

డీమార్క్ రిపోర్టులు రోజూ వస్తాయి, పెద్ద పెద్ద మెయిల్ కంపెనీల నుంచి. మొదటిది చూడగానే డిలీట్ కొట్టబోయాను. ముక్కూమొహం తెలియని అడ్రస్, జిప్ అటాచ్‌మెంట్. వైరస్ నుంచి కాపాడే రిపోర్టు అచ్చం వైరస్‌లాగే వస్తుంది! లోపల ఎక్స్‌ఎంఎల్ ఫైల్, మనుషులు చదివేట్టుండదు. ఏ ఐపీ నుంచి ఎన్ని మెయిళ్లు నా పేరుతో వచ్చాయో, ఎన్ని నెగ్గాయో, ఎన్ని ఓడాయో ఉంటుంది. మొదటి వారం ఓడినవి రోజుకి వేలల్లో ఉన్నాయి. మూడో వారానికి వందల్లోకి, ఆ తర్వాత పదుల్లోకి వచ్చాయి. నా పేరు చెల్లని నోటైపోయింది కాబట్టి వాళ్లు వేరే ఎవరి పేరుకో వెళ్లి ఉంటారు. ఆ ఎవరో ఇప్పుడు స్కాన్లు పెట్టుకుంటూ కూర్చుని ఉంటారు.

ఇంత చేసినా నా పేరుని మాత్రం కాపాడుకోలేను, కాపాడుకునేది నా డొమైన్‌ని. ఎవడైనా ఎక్కడో ఒక ఉచిత ఖాతా తెరిచి, పేరు దగ్గర నా పేరు రాసుకుంటే డీమార్క్ దాని జోలికి రాదు. ఫోన్‌లో మెయిల్ చూసేవాళ్లకి కనిపించేది ఆ పేరే, అడ్రస్ కనిపించాలంటే దాని మీద నొక్కాలి. అందుకని అకౌంట్స్ కుర్రాడితో ఒక ఒప్పందం పెట్టుకున్నాను. బ్యాంకు వివరాలు మారాయని నా పేరుతో ఏం వచ్చినా, జిప్‌లో ఏం వచ్చినా, ముందు తన దగ్గరున్న నా పాత నంబర్‌కి ఫోన్ చేయాలి. మెయిల్‌లో రాసిన నంబర్‌కి కాదు. ఇప్పటికి రెండుసార్లు చేశాడు. రెండూ నేను నిజంగా పంపినవే. అయినా పర్లేదు.

ఆ గొడవంతా సద్దుమణిగాక ఒక ఆదివారం పాత సహోద్యోగులని అడిగి మా సీనియర్ నంబర్ పట్టుకున్నాను. ఇప్పుడాయనకి డెబ్బై దాటాయి. నన్ను గుర్తుపట్టడానికి కొంచెం టైమ్ పట్టింది. 2002లో అలా అందరి ముందూ మాట తూలాను సార్, అది మీ సిస్టమ్ కాదని నాకిప్పుడు తెలిసింది, ఏమనుకోవద్దు అన్నాను. అవతల కాసేపు చప్పుడు లేదు.

"వైరస్సా? అదేమో నాకు గుర్తు లేదయ్యా. ఆ సిస్టమ్ మాత్రం గుర్తుంది. మదర్‌బోర్డ్ పోయింది. నెల రోజులు ఇవ్వలేదు వాళ్లు."